హైఫన్ తాతగారు

ఇంగ్లీషు పేపర్లో ప్రూఫులు దిద్ది రిటైరైన పెద్దాయన ప్రతి నగరంలోనూ ఒకరైనా ఉంటారు. చిక్కడపల్లి లైబ్రరీలో అందరూ వార్తలు చదువుతుంటే, వరుసల చివర్లు మాత్రమే చూసుకుంటూ కిందికి దిగిపోయే మనిషి కనబడితే ఆయనే. ఏ ప్రభుత్వం పడిపోయిందో ఆయనకు పట్టదు. 'గవర్నమెంట్' ఎక్కడ విరిగిందో మాత్రం చెప్తారు.

ఎవరో 'మాన్‌స్లాటర్'ని 'ఎస్' తరవాత విరిచారట. కింది వరుసలో 'లాఫ్టర్' మిగిలింది. హత్య కాస్తా నవ్వైపోయిన ఈ కథ చెప్పేటప్పుడు తాతగారు మాత్రం నవ్వరు. తెలుగు పత్రికలైతే ఏ అక్షరం దగ్గరైనా, హైఫనైనా లేకుండా, మాటను తెంపి కిందికి దించేస్తాయి. "లైసెన్సు లేని సర్జరీ" అంటారాయన.

ఇంటికొచ్చిన కుర్రాణ్ణి ఏం చదువుతున్నావని అడగరు. 'యాంటీడిస్ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం' విరవమంటారు. ఇంగ్లీషులో 28 అక్షరాలు, 12 పలుకులు. నడుమ కూర్చున్నది 'ఎస్టాబ్లిష్'. ముందు 'డిస్' చేరితే చర్చికీ రాజ్యానికీ విడాకులు. దానికీ ముందు 'యాంటీ' చేరితే ఆ విడాకులు వద్దనేవాళ్ల వాదం. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్‌ను ఊపేసిన తగువిది. ఐర్లండు చర్చికి అధికార హోదా తీసేస్తూ 1869లో పార్లమెంటు చట్టమే చేసింది.

కుర్రాడు హమ్మయ్య అనుకునేలోపు అసలు చిక్కు వస్తుంది. "'మెంట్' దగ్గర విరుస్తావా, 'మెన్' దగ్గరా?" పుట్టుక చూస్తే 'మెంట్'ని చీల్చకూడదు. నోరేమో 'మెన్-టేరి' అంటుంది. అమెరికా నిఘంటువులు నోటిమాట వింటాయి, పాత బ్రిటిష్ పద్ధతి పుట్టుక చూస్తుంది. మరి తాతగారిది ఏ పక్షం? మీరు చెప్పనిది.

సాఫ్ట్‌వేర్ మనవడు ఓరోజు ఉండబట్టలేక అనేశాడు. "ఇదంతా కంప్యూటరే చేస్తుంది తాతయ్యా. 1983లోనే స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్ లియాంగ్ దీనిమీద పీహెచ్‌డీ చేశాడు. 'టెక్' అనే ప్రోగ్రాంలో వాడేది ఆయన పద్ధతే. దానికి లొంగవని విడిగా రాసిపెట్టిన ఇంగ్లీషు మాటలు 14, అంతే."

"ఏవిట్రా అవి?"

"'ప్రాజెక్ట్', 'ప్రెజెంట్'..."

"వాటినెక్కడ విరుస్తుంది?"

"విరవదు. నామవాచకమైతే ఒకచోట, క్రియైతే ఇంకోచోట విరగాలిగా. అందుకని ముట్టుకోదు."

తాతగారి మొహం చాటంతైంది. "అయితే వాడూ జడిశాడన్నమాట! మిగతావీ రాసివ్వు. విడివిడిగా రాయి, పక్కన మార్జిన్ వదులు."