బీరువాకు తాళం, యాప్‌కు అప్‌డేట్

‘పాఠశాల గ్రంథాలయాధికారులకు, ఉపాధ్యాయులకు అతి ముఖ్య గమనిక’ అని వాట్సాప్ గ్రూపులో సందేశం పడుతుంది. కింద ఎర్ర రంగులో ‘ఈ రోజు సాయంత్రం 5 గంటల్లోగా’ అని ఉంటుంది. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చాలావాటికి గ్రంథాలయాధికారి అనే మనిషే లేడు. ఇన్‌చార్జి ఉంటాడు. ఎవరికి పీరియడ్లు తక్కువ ఉన్నాయని హెడ్మాస్టరుకు అనుమానం వస్తే వాళ్లే ఇన్‌చార్జి. తెలుగు మాస్టారు కావచ్చు, హిందీ మేడం కావచ్చు, బదిలీ మీద నిన్నగాక మొన్న వచ్చి కాదనడానికి మొహమాటపడిన కుర్ర పంతులు కావచ్చు. పోస్టు లేదు, జీతం లేదు. ఆ పోస్టుకు రావలసిన ఉత్తర్వులు మాత్రం ఒక్కటీ పొల్లుపోకుండా వచ్చేస్తాయి.

ఈ అదృశ్యోద్యోగికి చట్టబద్ధమైన పుట్టుక కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం చివర్లో ఒక షెడ్యూలు ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమంది పిల్లలు దాటితే చిత్రలేఖనానికి, ఆటలకు, పనివిద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలని అందులో రాశారు. అదే షెడ్యూలులో ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టుల పుస్తకాలు ఉండాలని కూడా రాశారు. వాటిని తీసి పిల్లవాడి చేతికిచ్చే మనిషిని మాత్రం రాయలేదు. చట్టం ఉద్దేశం బహుశా ఇది: గంట కొట్టగానే పుస్తకాలే బీరువా దిగి, వరసలో నిలబడి, ఆరో తరగతి ఎ సెక్షనుకు నడిచి వెళతాయి.

దిగుదామన్నా తాళం ఉంది కదా. ఆ తాళాన్ని తేలిగ్గా చూడకండి, మన గ్రంథాలయ విధానం మొత్తం దాని మీదే నిలబడి ఉంది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పుణ్యమా అని ప్రాథమిక పాఠశాలలకు పుస్తకాలు, బొమ్మలు, పరికరాలు పెట్టెల్లో వచ్చాయి. చాలాచోట్ల అవి పెట్టెల్లోనే రిటైరయ్యాయి. హెడ్మాస్టర్లు చదువంటే గిట్టనివాళ్లు కాబట్టి అలా జరిగిందనుకుంటే పాపం తగులుతుంది. వాళ్లకు ఆడిటు తెలుసు. పుస్తకం స్టాకు రిజిస్టరులో ఎక్కిన క్షణం నుంచి అది ఆస్తి. చదివితే నలుగుతుంది, నలిగితే చిరుగుతుంది, చిరిగితే లెక్క తగ్గుతుంది, తగ్గితే బదిలీ రోజున రికవరీ. చెద పట్టిందనుకోండి, అది ప్రకృతి వైపరీత్యం. కాబట్టి తెలివైన హెడ్మాస్టరు పుస్తకాన్ని పిల్లలకివ్వడు, చెదలకిస్తాడు. పుస్తకాలున్నది వాడడానికే అని గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ 1931లో తన అయిదు సూత్రాల్లో మొదటిదిగా పెట్టాడు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 12న గ్రంథపాలకుల దినోత్సవం జరుపుకుంటాం. ఆయన పటం మన బీరువా మీదే ఉంటుంది, తాళానికి కాస్త పైన.

గ్రాంటు కూడా వస్తుంది, అబద్ధం ఎందుకు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 రూపాయల నుంచి 20,000 దాకా లైబ్రరీకి ఇస్తారు. ఏ పుస్తకాలు కొనాలో మాత్రం చాలాసార్లు బడికి తెలియదు, పైనుంచి దిగే కట్టకే తెలుసు. అందులో మహనీయుల జీవితాలుంటాయి. పిల్లలు నవ్వే పుస్తకం అందులో ఉంటే అది ఎంపిక కమిటీ కన్ను తప్పించుకుని వచ్చినట్టే. పైగా ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి సరస్వతీదేవి కూడా ఆ నెలలోనే ప్రత్యక్షమవుతుంది. అప్పటికి పదో తరగతి పరీక్షలు, ఆపైన ఒంటిపూట బడులు, ఆ తర్వాత వేసవి సెలవులు. కట్ట విప్పకుండానే కొత్త విద్యా సంవత్సరం వచ్చేస్తుంది.

ఇక అప్‌డేటు సంగతి. ‘చదవడం మాకిష్టం’ అని 2020లో ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యమం మొదలైంది. 2022లో తెలంగాణలో నూరు రోజుల ‘రీడ్’ కార్యక్రమం వచ్చింది. పేర్లు బాగున్నాయి, ఉద్దేశాలు ఇంకా బాగున్నాయి. అవి కింద బడికి చేరేసరికి ఇలా ఉంటుంది:

“మాస్టారూ, మన లైబ్రరీ పీరియడు ఫొటో ఎక్కలేదట. ఎంఈఓ ఆఫీసు నుంచి ఫోను.”

“లైబ్రరీలో ఎనిమిది బి కూర్చుంటున్నారు సార్, గదులు చాలక.”

“ఇంకేం, పిల్లలు అక్కడే ఉన్నారుగా! తలో పుస్తకం చేతికిచ్చి ఫొటో తీసి, మళ్లీ లెక్క చూసి లోపల పెట్టించండి.”

అలా ఏడాదికోసారి పుస్తకానికీ పిల్లకీ పెళ్లిచూపులు జరుగుతాయి. ఫొటో తీసేలోపు నాలుగు లైన్లు చదివేసిన పిల్ల ఒకతి ఉంటుంది ప్రతి బడిలోనూ. “సార్, ఈ పేజీ అయ్యాక ఇస్తాను” అంటుంది. “ఫొటో అయిపోయిందమ్మా, ఇచ్చెయ్యి” అంటారు సారు. ఆయన రాక్షసుడేం కాదు. ఆయనకింకా గుడ్ల లెక్క, హాజరు యాప్‌కు ముఖాలు, యూడైస్ బడి గణాంకాల కాలమ్‌లు మిగిలి ఉన్నాయి. ఈ మధ్య దాకా ఆంధ్రలో మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఆయన ఫోనులోనే ఉండేవి. ఒకే గ్యాలరీలో అటు కమోడు, ఇటు కథల పుస్తకం. సర్వరుకు రెండూ ఒకటే, జేపీజీలు.

‘కాగితం పాతబడింది, ఇక డిజిటల్’ అనే ఘట్టం ఇక్కడ మొదలవుతుంది. 2023 కేంద్ర బడ్జెట్లో పిల్లలకు జాతీయ డిజిటల్ లైబ్రరీ ప్రకటించారు. అదే ప్రకటనలో పంచాయతీల్లో, వార్డుల్లో అసలు గ్రంథాలయాలు పెట్టేలా రాష్ట్రాలను ప్రోత్సహిస్తామన్నారు. మొదటి సగం 2024లో ‘రాష్ట్రీయ ఈ-పుస్తకాలయ’ యాప్‌గా దిగింది. రెండో సగానికి ఇంకా సిగ్నల్ అందినట్టు లేదు. ఈ-పుస్తకాలయంలో తెలుగు పుస్తకాలున్నాయి, వయసు వారీగా సర్ది ఉన్నాయి, మంచి పనే. చూడడానికి ఫోను కావాలి. పిల్లవాడు బడికి ఫోను తేకూడదు. మాస్టారు తెస్తారా అంటే, 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరగతి గదుల్లో ఉపాధ్యాయులు కూడా సెల్‌ఫోన్ వాడరాదని ఆంక్ష పెట్టింది. పుస్తకం ఫోనులోకి వెళ్లింది, ఫోను హెడ్మాస్టరు గదిలోకి వెళ్లింది. బీరువాలు ఖాళీ చేయడమంటే ఇదేనేమో.

పాఠ్యపుస్తకాల్లో దీక్షా క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి, 2017 నుంచి ఆ వేదిక నడుస్తోంది. ఇంటికెళ్లాక నాన్న ఫోనుతో స్కాన్ చేయొచ్చు, నాన్న కూలి నుంచి వచ్చాక, ఫోనులో డేటా మిగిలి ఉంటే, తమ్ముడు రీల్స్ చూడడం ఆపితే.

అంతకన్నా ఘనంగా చేద్దామని 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఆంధ్రలో 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. అందులో బైజూస్ పాఠాలు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది. పుస్తకం అచ్చేసినవాడు దివాలా తీస్తే పుస్తకం తలుపు వేసుకోదు, కొత్త పాస్‌వర్డ్ అడగదు. ఇంత చిన్న సంగతి పెద్దవాళ్లకు ఎవరైనా ప్రజెంటేషన్ వేసి చెప్పి ఉండవలసింది.

తెలుగువాడికి ఈ పాఠం అంతకుముందే ఒకసారి అయింది. ప్రభుత్వ సొమ్ముతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఎంత ఘోరంగా ఎక్కించారంటే, రాసినవాడే వెతికినా తన పుస్తకం తనకు దొరకదు. ఆ తర్వాత సైటే మూతపడింది. ఆ పుస్తకాలు ఇవాళ కాస్తో కూస్తో దొరుకుతున్నాయంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించిన పుణ్యాత్ములది ఆ గొప్ప, శాఖలది కాదు. 1947 జులైలో పుట్టిన చందమామ గతీ అంతే. పాత సంచికలు పెట్టిన అధికారిక సైటు పోయింది, అటక మీద దాచుకున్నవాళ్ల సంచికలు మిగిలాయి.

డిజిటల్ అంటేనే నాకు పడదనుకునేరు. స్టోరీవీవర్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా ఉన్నాయి, దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు, ఎవరూ కేసు పెట్టరు. బళ్లో ప్రింటరూ ఉంది. అందులో ఇంకు ప్రొఫార్మాలకే చాలదు.

డబ్బు లేదనకండి. పరిశోధన పత్రికల కోసం 2024 నవంబరులో కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లతో ఒకే దేశం ఒకే చందా పథకాన్ని ఆమోదించింది, దాదాపు 13,000 పత్రికలు విశ్వవిద్యాలయాల వాకిట్లోకి వస్తాయి. వాటిని చదవగలవాడు ఎక్కడ తయారవుతాడంటే, ఎనిమిది బి కూర్చునే ఆ లైబ్రరీ గదిలో. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కూడా మనమే కడుతున్నాం. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేస్తాయి, జిల్లా గ్రంథాలయ సంస్థకు బకాయి పెడతాయి, సంస్థ గోడ మీద సున్నం రాలుతుంది. ప్రజలు మాత్రం బకాయి లేరు.

ఈ యాప్‌లేవీ లేని రోజుల్లో, 1935లో, కృష్ణా కాలువ మీద కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి పంపాడు. ఒడ్డున ఆగితే జనం వచ్చి తీసుకునేవారు, తిరుగు ప్రయాణంలో ఇచ్చేవారు. ఆ పడవకు డ్యాష్‌బోర్డు లేదు, జియోట్యాగింగ్ లేదు, ఎందరు చదివారో సాయంత్రం అయిదులోగా పైకి పంపాలన్న నిబంధన లేదు. ఇవాళ్టి లెక్కన దాన్ని గ్రంథాలయంగా గుర్తించడమే కష్టం, ‘నెట్ కనెక్టివిటీ: లేదు’ దగ్గరే ఫారం ఆగిపోతుంది.

అయినా వ్యవస్థకు మనవంతు సాయంగా ఒక కొత్త కాలమ్ సూచిస్తున్నాను. ప్రొఫార్మాలో ‘మొత్తం పుస్తకాలు’, ‘ర్యాకుల సంఖ్య’, ‘ఫొటో అప్‌లోడ్ అయిందా’ ఇవన్నీ ఉన్నాయి కదా. వాటి పక్కన ‘ఈ ఏడాది పిల్లలు చించిన పుస్తకాలు’ అని ఒకటి చేర్చండి. అట్టలు ఊడినవి, నూనె మరకలు పడినవి, ఎవరో ఇంటికి తీసుకెళ్లి చెల్లెలికిచ్చి ‘పోయింది సార్’ అన్నవి, అన్నీ లెక్క రాయండి. జిల్లాలో ఎక్కువ చించిన బడికి గ్రంథాలయ వారోత్సవాల్లో, నవంబరు 20న, కలెక్టరు గారి చేత శాలువా, నగదు బహుమతి. సున్నా వచ్చిన బడికి షోకాజ్ నోటీసు.

సూచన పైకి వెళితే ఏమవుతుందో కూడా తెలుసు. మొదటి బహుమతి వచ్చిన హెడ్మాస్టరు శాలువా కప్పుకుని దిగుతుండగా ఆడిటు వారు వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉంటారు. చిరిగిన పుస్తకాల ఖరీదు నగదు బహుమతిలోంచి మినహాయించుకుని, మిగతాది జీతంలోంచి రాబట్టి, రసీదు యాప్‌లో అప్‌లోడ్ చేయమంటారు, సాయంత్రం అయిదులోగా.