కాకిబంగారం చెప్పుకున్న కథ

గూడూరు, సైదాపురం వైపు నేల కింద కోట్ల ఏళ్లు పడి ఉన్న రాయిని నేను. పుస్తకాల్లో అభ్రకం, గనుల దగ్గర మైకా, పిల్లల నోట కాకిబంగారం. గోటితో లేపితే పొరలు పొరలుగా ఊడివస్తాను. నెల్లూరు సరుకుకు కాస్త పచ్చని ఛాయ ఉంటుంది. వేడికి చెదరను, కరెంటును పోనివ్వను. రేడియో వాల్వుల కాలంలో నా పలకలకు మంచి గిరాకీ ఉండేది. ఆ గిరాకీ పడిపోయాక నా బతుకు పొడి బతుకైంది. ఇప్పుడు ఫేస్ పౌడర్లలో, లిప్‌స్టిక్‌లలో, మెరుపునిస్తామని రాసుకున్న క్రీముల్లో ఉంటున్నాను. ట్యూబు వెనక సన్నటి అక్షరాల్లో ‘మైకా’ అనో, ‘సి.ఐ. 77019’ అనో కనిపిస్తే అది నేనే. మీ చేతిలోది నెల్లూరు రాయేనని మాత్రం చెప్పలేను. పసిపిల్లల చేత ఏరించారన్న అపకీర్తి మోస్తున్న జార్ఖండ్ సరుకు కావచ్చు, కొలిమిలో పుట్టిన కృత్రిమ అభ్రకమూ కావచ్చు.

మొహం మీద నేను చేసేది వెలుతురును తిప్పికొట్టడం, అంతే. నన్ను మైక్రాన్లలో కొలిచే రేకులుగా నూరి, పైన టైటానియం డయాక్సైడ్ పూత వేస్తారు. ఆ పూత మందాన్ని బట్టి వెండి రంగో, బంగారు రంగో, గులాబీ రంగో పలుకుతాను. చామనఛాయ మీద ఎక్కువైతే బూడిద పూసినట్టు తేలిపోతాను కూడా. చర్మంలోకి దిగను, రంగు పుట్టించే కణాల జోలికి పోను, సబ్బు తగిలితే వెళ్లిపోతాను. కాబట్టి నా మెరుపును చూసి మచ్చ తగ్గిందనుకోవద్దని చెప్పే హక్కు అందరికంటే నాకే ఎక్కువ. నెల్లూరు తీరంలో మొహానికి ఏదైనా కొనేముందు ఆ మచ్చ ఎందుకొచ్చిందో తేల్చుకోవాలి. అది నల్లమచ్చ అయితే ముందు వెలుతురుకు అడ్డం పెట్టాలి. తెలుపు చేస్తామనే మాటను ఆ తరవాతే వినాలి.

మనవాళ్లు అన్నిటినీ మచ్చలే అంటారు గానీ వాటి పుట్టుక వేరు. చెమట పట్టే ఒంటి మీద వచ్చే శోభికి కారణం ఒక రకం ఫంగస్. దానికి కీటోకొనజోల్ చాలు, తెల్లబరిచే క్రీముతో పని లేదు. మొటిమ గిల్లితే మిగిలే నల్లమచ్చ వాపు వదిలిపోయిన గుర్తు. మొటిమ ఆగనిదే మచ్చలు ఆగవు. మంగుకు ఎండ, హార్మోన్లు, గర్భం, వంశం అన్నీ కలుస్తాయి. మైపాడులో వల విదిలించే మనిషికీ, ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో పనిచేసే ఆడమనిషికీ ఎండ పైనుంచే రాదు. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో 15 శాతం దాకా, సముద్రపు నురుగు 25 శాతం దాకా వెనక్కి కొడతాయి. పైగా మామూలు వెలుతురు కూడా ముదురు ఛాయను నల్లబరుస్తుందని, తెల్లతోలు మీద అలా జరగలేదని 2010లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం చూపింది. 2014లో మెక్సికో వైద్యులు మంగు ఉన్నవారందరికీ నలుపు తగ్గించే హైడ్రోక్వినోన్ ఇచ్చి, కొందరికి మామూలు సన్‌స్క్రీన్, కొందరికి ఐరన్ ఆక్సైడ్ కలిపినది ఇచ్చారు. ఎనిమిది వారాలకు రెండోవారికే ఎక్కువ గుణం కనిపించింది. ఐరన్ ఆక్సైడ్ అంటే ఎర్రమట్టికి రంగునిచ్చే పదార్థమే. మన ఛాయకు కలిసిపోయే రంగు సన్‌స్క్రీన్ అందుకే సోకు కాదు, మందులో భాగం.

అమ్మమ్మల కాలంలో ఇవన్నీ ఉన్నాయా, సున్నిపిండీ పసుపూ చాలలేదా అని అడుగుతారు. సున్నిపిండి జిడ్డు తీస్తుంది, దాన్ని నేను కాదనను. ఎండను మాత్రం ఆపదు. ఆ అమ్మమ్మలకు ఎండను ఆపింది నెత్తిన కప్పుకున్న కొంగు. రొయ్యల గుంటల గట్ల మీద రోజంతా తిరిగేవాళ్లకు ఏ క్రీమూ నిలవదు, ఖరీదూ ఎక్కువ అన్న మాటా నిజమే. వాళ్లకు నేత దట్టంగా ఉన్న తలగుడ్డ, అంచు వెడల్పైన టోపీ సన్‌స్క్రీన్ కంటే నమ్మకమైనవి, చెమటకు కారిపోవు. ఖరీదుకూ గుణానికీ లంకె కూడా లేదు. మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ 10 శాతం ఎంత పనిచేస్తుందో, 2.5 శాతమూ దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. దిండు గలీబుకు తగిలితే రంగు వెలిసిపోతుంది, చూసుకోండి. మొటిమలకే రాత్రిళ్లు రాసే అడాపలీన్ గర్భిణులకు పనికిరాదు. వాళ్లకు డాక్టర్లు ఎక్కువగా అజెలాయిక్ ఆసిడ్ వైపు మొగ్గుతారు.

గట్టి అభ్యంతరం మరొకటి ఉంది: మందుల అంగట్లో ఇచ్చిన ట్యూబు వారంలో మొహాన్ని తేటపరిచింది కదా అని. తేటపరుస్తుంది. అందులో బీటామెథసోనో, క్లోబెటసోలో అనే స్టెరాయిడ్ ఉంటే ఎరుపూ దురదా చప్పున అణుగుతాయి, రంగు తేలుతుంది. ఆపిన కొద్ది రోజులకే మంట, ఎర్రదనం, మొటిమలు తిరగబడతాయి. భయపడి మళ్లీ రాస్తారు. నెలలు గడిచేసరికి తోలు పలచబడి రక్తనాళాల గీతలు బయటపడతాయి. తామర మీద రాస్తే అంచు చెరిగిపోయి, డాక్టరుకే పోల్చుకోలేనంతగా పాకుతుంది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పైపూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది ఇందుకే. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో స్టెరాయిడ్ కలిపిన పూత మంగుకు నిజంగా పనిచేస్తుంది. 1975లోనే క్లిగ్‌మన్, విల్లిస్ ఆ కలయికను చూపారు. అయితే అది డాక్టరు లెక్కపెట్టిన వారాలకే గానీ పండగ పండగకీ కొనుక్కునే పౌడరు కాదు. హైడ్రోక్వినోన్‌ను ఏళ్ల తరబడి సొంతంగా రుద్దితే, పోవాల్సిన నలుపు నీలి నలుపుగా ముదిరి కూర్చునే ప్రమాదం ఉంది. నన్ను కొన్నారా, పెళ్లికి పూసుకుని రాత్రికి కడిగేయండి. మంగు కోసమైతే ఆ డబ్బు రంగు సన్‌స్క్రీన్‌కు పెట్టండి.