అంతా సెట్!

మా కాలనీలో అందరూ ఆయన్ని సెట్టుగారంటారు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు శెట్టిగారనుకుని కందిపప్పు ధర అడిగారు. ఆయనేం తడబడలేదు. "అరబస్తా సెట్ చేయిద్దాం" అన్నాడు.

ఆయన నోట మోటారు సెట్ అవుతుంది, పెళ్ళిసంబంధం సెట్ అవుతుంది, అలిగి పుట్టింటికెళ్ళిన కోడలూ సెట్ అవుతుంది. ఏ సెట్ ఏదో సందర్భాన్నిబట్టి మనమే పోల్చుకోవాలి. అసలు కిటుకంతా క్రియ చివర ఉంది. "సెట్ చేస్తా" అంటే ఎవరికో ఫోను చేస్తాడు. "సెట్ చేద్దాం" అంటే ఖర్చు మనది. "సెట్ చేయిద్దాం" అంటే ఖర్చు మనదే, పని మూడోవాడిది, టీ మాత్రం ఆయనకి. ఇక "సెట్ అవుతుందిలెండి" అన్నాడంటే దేవుడి మీద వదిలేశాడని. ఆ 'లెండి' చెవిన పడగానే మా ఆవిడ ప్లంబరుకి తనే ఫోను చేసేస్తుంది.

నిజానికి ఆయన పని చెయ్యడు. అయ్యే పని పక్కన నిలబడతాడు. వీధి చివర ఇల్లు కడుతుంటే, స్లాబు పోసిన రోజు చేతులు వెనక్కి కట్టుకుని "సెట్ అయిపోద్ది" అన్నాడు. అయింది. సిమెంటు 30 నిమిషాలలోపు బిగుసుకోకూడదనీ, 10 గంటలు దాటకుండా గట్టిపడాలనీ మన ప్రమాణాల్లోనే ఉంది. దానికి నీళ్ళు కావాలిగానీ సెట్టుగారక్కర్లేదు. ఇంటాయన మాత్రం గృహప్రవేశంనాడు ఆయనకి పట్టుపంచె పెట్టాడు.

ఎదురింటి కుర్రాడి ఎంసెట్‌కీ ఇదే వరస. (ఆంధ్రలో 2021లో అది ఈఏపీసెట్ అయింది. మా నోళ్ళకి ఇంకా ఎంసెట్టే.) ఆ సెట్ కామన్ ఎంట్రన్స్ టెస్టుకి పొట్టిపేరనీ, ఈ సెట్టుకీ దానికీ చుట్టరికం లేదనీ చెప్పి చూశాను. "సెట్ అన్నాక మన శాఖే కదండీ" అన్నాడు. కౌన్సెలింగులో ర్యాంకూ, రిజర్వేషనూ, కుర్రాడు పెట్టుకున్న ఆప్షన్లూ చూసి కంప్యూటరు సీటిచ్చింది. పూతరేకుల పెట్టె సెట్టుగారింటికి వెళ్ళింది.

ఉండబట్టలేక ఓరోజు నిఘంటువు సంగతి ఎత్తాను. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో 'సెట్' అనే క్రియకి 430కి పైగా అర్థాలున్నాయనీ, అప్పట్లో అంత పొడవైన పద్దు అందులో మరోటి లేదనీ చెప్పాను. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అక్కడితో ఆపాల్సింది. 2011కల్లా 'రన్' 645 అర్థాలతో దాన్ని దాటేసిందని కూడా చెప్పేశాను.

మొహం మాడిపోయింది. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఆక్స్‌ఫర్డులో మనవాళ్ళెవరో ఉన్నారండీ... సెట్ చేస్తా" అంటూ జేబులోంచి ఫోను తీశాడు.