డిప్పులో తగిలితే గోల్ఫు

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు ప్రయాణాలు పెట్టుకోవడం చేతకాదు. అవసరం పడదు గనక. అమెరికా నుంచీ అనకాపల్లి నుంచీ జనం మా ఊరికే వస్తారు. వాళ్ళను రేణిగుంటలో ఎక్కించుకోవడం, అలిపిరి దగ్గర దించడం, మధ్యలో "మూడు వందల టికెట్టు దొరకలేదన్నా, నీకెవరన్నా తెలుసా" అనే ఫోన్లకు గొంతు సవరించుకోవడం మా పని. కొండమీద అందరూ మాకు తెలుసనీ, మాకు తెలిసినవాళ్ళందరికీ దేవుడు తెలుసనీ బంధువుల గట్టి నమ్మకం. సర్వీసంతా ఇట్లా ఊరివాళ్ళ యాత్రలు నడిపించి, రిటైరయ్యాక నాకూ ఒక యాత్ర మీద మనసు పడింది. కాశీ కాదు, రామేశ్వరం కాదు. స్కాట్లండు పోయి సముద్రపొడ్డున గోల్ఫు ఆడాలి.

"మోకాళ్ళ నొప్పులని కొండకు బస్సులో వస్తారు. ఆడ సముద్రపొడ్డున నాలుగు మైళ్ళు నడుస్తారా?" అంది మా ఆవిడ.

మెట్లు వేరు, గడ్డి వేరు అన్నాను. ఆవిడ నా మోకాళ్ళవైపు చూసి, వాటినే సాక్ష్యం అడుగుతున్నట్టు కాసేపు ఆగింది.

రాయలసీమ వాడికి గోల్ఫుతో సంబంధమేమిటని మీకూ అనిపించవచ్చు. బంగారమే సంబంధం. చిత్తూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా సరిహద్దు దాటితే కేజీఎఫ్. మా పిల్లలకు అది సినిమా. మా ఇంట్లో పెద్దవాళ్ళకు అది నెలజీతం. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు చేతికి తీసుకున్న తర్వాత దొరలు దిగారు. తెల్లదొర ఎక్కడ పెద్ద గొయ్యి తవ్వినా పక్కనే ఆడుకోడానికి చిన్న గుంతలు తవ్వుకుంటాడు. పెద్ద గొయ్యి మూడు కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. చిన్న గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. దాంట్లోంచి ఎవడికీ బంగారం వచ్చినట్టు లేదుగానీ, దాంట్లో పోసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మా మేనమామ గనుల ఆఫీసులో లెక్కలు రాసేవాడు. సెలవులకు పోయినప్పుడు సాయంత్రాలు నన్ను మైదానం అంచున నిలబెట్టి ఆట చూపించేవాడు. 2001లో గనులు మూతబడ్డాయి. మామ చిత్తూరుకు వచ్చేస్తూ ఎవరో వదిలేసిపోయిన అరడజను గోల్ఫు కర్రలు తెచ్చి, "ఇవి నీకు, పొలం మా వాడికి" అన్నాడు. పంపకం అట్లా జరిగింది.

స్కాట్లండే ఎందుకు, బెంగళూరులో 1876 నాటి క్లబ్బు ఉంది గదా, విశాఖలో 1884 నాటి ఈస్ట్ పాయింట్ క్లబ్బు సముద్రానికి దగ్గర్లోనే ఉంది గదా, రాత్రి రైలెక్కితే అయిపోయె గదా అని మా బావమరిది. నిజమే. కానీ లింక్స్ అనేది వేరే సరుకు. సముద్రానికీ సేద్యపు నేలకూ నడుమ ఇసుక పర్ర ఉంటుంది చూడండి, విత్తనం వేస్తే మొలవదు, గాలికి చెట్టు నిలవదు, బలిసిన గడ్డి, గొర్రెలు, కుందేళ్ళు తప్ప మరేమీ ఉండవు. ఎందుకూ పనికిరాని ఆ నేల మీద, ఎందుకూ పనికిరాని ఆట పుట్టింది. మైదానాన్ని ఎవరూ గీయలేదు, గాలి గీసింది. గాలికి భయపడి బంతిని నేలబారుగా కొట్టాలి. ఎత్తుకు కొట్టామా, అది వేరే మండలంలో దిగుతుంది.

అసలు మాకే అట్లాంటి నేల ఒకటుంది. పుట్టినప్పట్నుంచి నేను చిత్తూరు జిల్లా వాణ్ణి. చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టి తిరుపతి జిల్లా చేసినప్పుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట మా వాటాకు వచ్చాయి. ముందురోజు రాత్రి కొండ కింద పడుకున్నవాణ్ణి, పొద్దున్నే సముద్రతీరపు వాసిగా లేచాను. ఒకవైపు పులికాట్, ఒకవైపు బంగాళాఖాతం, నడుమ ఇసుక దీవి, ఎడతెగని గాలి. పులికాట్ మీదుగా వేసిన రోడ్డుమీద నిలబడి చూస్తే లింక్స్‌కు కావలసినవన్నీ ఉన్నాయి. కాకపోతే అక్కడ కొట్టే హక్కు ఒక్క ఇస్రోకే ఉంది. వాళ్ళు కొట్టింది తిరిగి కిందపడితే పేపర్లో వస్తుంది. నేను కొట్టింది పైకి లేస్తే రావాలి.

గోల్ఫుకూ రాకెట్లకూ పాత పరిచయమే. 1971లో అపోలో 14లో చంద్రుడి మీదికి పోయిన అలన్ షెపర్డ్, మట్టి తీసే పరికరం పిడికి గోల్ఫు కర్ర మొన తగిలించి రెండు బంతులు కొట్టాడు. రెండోది మైళ్ళకు మైళ్ళు పోయిందని అక్కడి నుంచే చెప్పాడు. యాభై ఏళ్ళ తర్వాత ఫొటోలు శుభ్రం చేసి కొలిస్తే మొదటిది 24 గజాలు, రెండోది 40. భూమ్మీద గోల్ఫు ఆడేవాళ్ళ మాటకు నమ్మకం లేదంటారుగానీ, గాలి లేనిచోట కూడా ఆ గుణం అంతే ఉంటుందని సైన్సు నిరూపించింది.

సాధన మా బావమరిది మామిడితోటలో. బంగారుపాళ్యం పక్కన తోతాపురి చెట్ల నడుమ సందులున్నాయి, నాకు మాత్రం బంతికీ చెట్టుకూ ఏదో మొక్కుబడి ఉన్నట్టు తోచింది. మేకలు కాసుకునే పెద్దాయన రోజూ పొద్దు వాటారేసరికి తుండుగుడ్డలో నాలుగైదు బంతులు మూటకట్టుకుని వచ్చేవాడు.

"సామీ, ఇంగో నాలుగు గుడ్లు దొరికినాయి. ఏం పిట్టదో గానీ పెంకు శానా గట్టిగుండాది."

అది గుడ్డు కాదు తాతా, ఆడుకునే బంతి అంటే, "ఆడుకునేదాన్ని అట్లా ఇసిరేస్తే ఎట్లా సామీ, దగ్గిర పెట్టుకోవాల గదా" అన్నాడు. ఇంతకన్నా మంచి పాఠం ఏ కోచ్ చెప్పగలడో నాకు తెలీదు. మా ఆవిడ మాత్రం ఒకరోజు వచ్చి చూసి, "మీరు ఆడ పొయ్యేది కొట్టేదానికా, ఎతికేదానికా?" అని తేల్చేసింది. నన్ను కాస్త పైకెత్తుకుందామని 2012లో జీవ్ మిల్కాసింగ్ ఇన్వర్నెస్ దగ్గర కాసిల్ స్టూవర్ట్‌లో స్కాటిష్ ఓపెన్ గెలిచాడని గుర్తు చేశాను. అదీ సముద్రపొడ్డు మైదానమే. "ఆయన మిల్కాసింగ్ కొడుకు. మా మామ జీవితంలో పరిగెత్తింది ఆర్టీసీ బస్సు కోసమే గదా" అంది.

మా మామగారు తెలుగు పండితులుగా రిటైరయ్యారు. ఆట సంగతులు వివరంగా అడిగి, పద్దెనిమిది గుంతలని తెలియగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పురాణాలు పద్దెనిమిది, భారతంలో పర్వాలు పద్దెనిమిది, గీతకు అధ్యాయాలు పద్దెనిమిది, కురుక్షేత్రం పద్దెనిమిది రోజులు. ఇక ఈ ఆట ఎవరిదో వేరే చెప్పాలా? అట్లా కాదు మామా, స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ మైదానంలో మొదట ఒక ఆటకు ఇరవైరెండు ఉండేవి, 1764లో కొన్ని కలిపేసి పద్దెనిమిది చేశారన్నాను. "ఆఁ, అప్పటికి తప్పు దిద్దుకున్నారన్నమాట" అన్నారు. ఆయన్ను ఓడించలేక ఇంకో ముక్క నేనే అందించాను: అక్కడ ఏడు చోట్ల రెండేసి గుంతలకు కలిపి ఒకే పచ్చిక ఉంటుంది, ఏ జంట సంఖ్యలు కూడినా పద్దెనిమిదే. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టినట్టు లేదు. 1457లో స్కాట్లండు రాజు రెండో జేమ్స్ విలువిద్య దెబ్బతింటోందని గోల్ఫును నిషేధించాడని చెబితే మాత్రం ఆయన పెదవి విరిచారు. మా ఆవిడకు బాగా నచ్చింది. "ఆ మాట ఆయనకు రాణి చెప్పుంటాది."

ఇక ప్లాను. ఎడిన్‌బరోలో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు రోజూ రాత్రి వీడియోలో వచ్చేవాడు. నాకు కావలసింది మనిషి జాడ లేని తీరాలు. మా ఆవిడకు కావలసింది మనుషులు, అంగళ్ళు, కూర్చోడానికి అరుగులు. నేను మ్యాపు పైకి జరిపితే ఆవిడ కిందికి జరిపేది. పైన నాకు దొరికింది డోర్నోక్. ఉత్తరాన, సముద్రం అంచున, ఎంతోమంది మైదానాలు గీసిన డొనాల్డ్ రాస్ 1872లో పుట్టిన ఊరు. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటాక గానీ పొద్దు గుంకదు, తెల్లవారుజామున నాలుగు దాటగానే మళ్ళీ పొడుస్తుంది. ఎంత ఆడొచ్చో అని నేను మురిసిపోతుంటే, "శనివారం ఒక్కపొద్దు నాకు. పొద్దు గుంకినాకే తినేది. పద్దెనిమిది గంటలు పస్తుండాలా?" అంది. మళ్ళీ పద్దెనిమిది. మామగారికి ఈ సంగతి చెప్పలేదు.

ఇంకా మారుమూల కావాలంటే సౌత్ యూయిస్ట్ దీవిలో ఆస్కర్నిష్ ఉంది. 1891లో ఓల్డ్ టామ్ మోరిస్ అనే పెద్దాయన గీసిన మైదానం. కాలక్రమాన ఇసుకదిబ్బల్లో గడ్డి కింద మరుగునపడిపోతే వెతికి 2008లో మళ్ళీ తెరిచారు. పోయే దారి ఇంకా ముచ్చటైనది. గ్లాస్గోలో చిన్న విమానం ఎక్కితే బర్రా దీవిలో దింపుతుంది. అక్కడ రన్‌వే లేదు, సముద్రపు ఇసుక మీదే దిగుతుంది. ఆటుపోట్లు చూసి విమానాల వేళలు పెడతారు. అక్కడి నుంచి పడవ, తర్వాత సముద్రం మీద వేసిన కట్ట. వర్ణిస్తూ వర్ణిస్తూ నేను పడవలోకి వచ్చేసరికి మా ఆవిడ విమానం దగ్గరే ఆగిపోయింది. "రేణిగుంటలో సిమెంటు మీద దిగేదానికే నేను కళ్ళు మూసుకుని గోవిందా అంటాను" అంది. ఆస్కర్నిష్ అక్కడికి ఆగింది.

నగరాల వాటాకు ఎడిన్‌బరో వచ్చింది. కోట ఉంది, బజారు ఉంది, మేనల్లుడి ఇంట్లో ఇడ్లీ పిండి ఉంది. నాకూ ఊరట: లీత్‌లో 1744లో ఆట నియమాలు మొదటిసారి రాసిన మైదానం అక్కడే ఉంది, మొత్తం పదమూడు నియమాలు. మేమింట్లో వేసుకున్న ప్రయాణపు నియమాలు అప్పటికే అంతకు మించాయి. ఆగస్టులో పోదామంటే మేనల్లుడు తల పట్టుకున్నాడు. 1947 నుంచీ ప్రతి ఆగస్టులో అక్కడ నాటకాల పండగట, ఊరు ఊరంతా వేదికేనట. "గరుడసేవ రోజు కొండమీద రూము అడిగినట్టుంటాది మామా." తిరుపతి బిడ్డ గదా, ఒక్క ముక్కలో అర్థమయ్యేట్టు చెప్పాడు.

ఆ దెబ్బతో అసలు క్షేత్రం సంగతి కూడా వాడి నోటే బాగా అర్థమైంది. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆడాలని ప్రపంచమంతా అక్కడికి పోతుంది. ముందుగా బుక్ చేసుకునే దారులు కొన్ని ఉన్నాయి. అవి దొరకనివాళ్ళు ఆటకు రెండు రోజుల ముందు పేర్లు ఇవ్వాలి, కోర్సువాళ్ళు లాటరీ లాగా డిప్పు తీస్తారు. ఆర్జిత సేవలకు మనవాళ్ళు తీసే డిప్పే. తగిలితే మూడు వందల పౌండ్లకు పైన కట్టాలి, మన డబ్బుల్లో ముప్పై వేలు దాటుతుంది. నీకు ఆట వచ్చని చూపే హ్యాండిక్యాప్ పత్రం కూడా ఉండాలి. మనకు ఆధార్ కార్డు ఉన్నట్టు. ఊరివాళ్ళకు మాత్రం ఏడాదికో టికెట్టు, అతి చవక. మనకు నెలలో మొదటి మంగళవారం స్థానికుల దర్శనం ఉన్నట్టే. ఇంత తెలిశాక నాకు ఆ ఊరి మీద జాలి కలిగింది. అక్కడా ఎవరో ఒక రిటైర్డు మనిషి ఉంటాడు. అమెరికా బావమరిది ఫోను చేసి, "డిప్పులో తగల్లేదన్నా, నీకెవరన్నా తెలుసా" అంటూ ఉంటాడు. వాడూ గొంతు సవరించుకుంటూ ఉంటాడు.

హ్యాండిక్యాప్ పత్రం కోసం బెంగళూరులో ఒక క్లబ్బుకు పోయాను. నా ఆట చూసిన కుర్రాడు చాలా మర్యాదస్థుడు, "సార్, ఇంకొంచెం టైమ్ తీసుకుందాం" అన్నాడు. ఎంత అని అడగలేదు.

ఇంటికొచ్చి చూస్తే మా ఆవిడ మేనల్లుడితో వీడియోలో ఉంది. నేను లేనప్పుడు ప్లాను ఎప్పుడూ ముందుకే పోతుంది. ఓల్డ్ కోర్సుకు ఆదివారం సెలవట. ఆట ఉండదు. ఊళ్ళోవాళ్ళు, వచ్చినవాళ్ళు, కుక్కల్ని పట్టుకున్నవాళ్ళు, పిల్లలు, ఎవరైనా ఆ పచ్చికమీద తిరగొచ్చు. డబ్బు లేదు, పత్రం లేదు, డిప్పు లేదు.

"శనివారం రాత్రికి ఆ ఊళ్ళో రూము చూడబ్బోడా" అంటోంది. "డిప్పులో తగిలితే శుక్రవారం మీ మామ ఆడతాడు. తగలకపోతే ఆదివారం ఇద్దరికీ సర్వదర్శనం."