పారిపోయినవాడు పదిలం

మీ కారును వెనక నుంచి ఒక లారీవాడు గుద్ది పారిపోయాడనుకోండి. ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేస్తారు. విచారణ మొదలవుతుంది. మీ మీద.

మొదట సర్వేయర్ గారొచ్చి, నలిగిన డిక్కీ చుట్టూ ప్రదక్షిణ చేసి, ఫొటోలు తీసుకుని వెళతారు. ఆ తర్వాత ఇన్వెస్టిగేటర్ వస్తున్నారని మెసేజ్ వస్తుంది. ఆ మాట వినగానే మీకు ప్రాణం లేచొస్తుంది. లారీ ఆచూకీ తీస్తాడు, డ్రైవర్‌ని పట్టుకొస్తాడు అనుకుంటారు. పాపం, మీరు సినిమాలు ఎక్కువ చూస్తారు.

"రాత్రి 10.30కి ఉప్పల్ రింగ్ రోడ్డులో మీకేం పని సార్?"

"పెళ్లికెళ్లి వస్తున్నామండీ."

"శుభలేఖ ఉందా?"

"వాట్సాప్‌లో ఉంది."

"ప్రింటు తీసివ్వండి. విందులో ఏమైనా పుచ్చుకున్నారా?"

"ఆఖర్న పెరుగన్నం తిన్నానండీ."

"అంటే నిద్రమత్తు," అని రాసుకుంటారు.

మీ ఆర్సీ, లైసెన్సు, ఎఫ్ఐఆర్ కాపీ, రిపేరు ఎస్టిమేటు అన్నీ ఫైల్లో చేరతాయి. మీరు నెమ్మదిగా గొంతు సవరించుకుని, "మరి ఆ గుద్దినవాడు..." అంటారు.

"నంబరు చూశారా?"

"వెనక నుంచి గుద్ది, లైట్లార్పేసి పోయాడండీ. చౌరస్తాలో కెమెరాలున్నాయి కదా?"

"అది పోలీసువారి పని సార్."

పోలీసువారి దగ్గరికెళితే వాళ్లూ ఆప్యాయంగానే మాట్లాడతారు. "ఇన్సూరెన్సు ఉంది కదా? ఇక మీకు బెంగెందుకు, వాళ్లు చూసుకుంటారు." పిల్లియన్ మీద కూర్చున్న మామ్మగారికి హెల్మెట్ లేదని ఫొటోతో సహా ఇంటికి చలానా పంపే కెమెరాకు ఆ లారీ మాత్రం ఆనదు. చిన్న వస్తువు కదా.

నిజానికి మీకిచ్చిన సొమ్మును గుద్దినవాడి నుంచి రాబట్టుకునే హక్కు చట్టం కంపెనీకి ఇచ్చింది. అయితే ఆ హక్కు వాడాలంటే లారీ వెంటపడాలి. అంతకంటే మీ బంపర్ వెంటపడటం సులువు, అది ఎక్కడికీ పారిపోదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగుదల కింద సగానికి సగం కోసేస్తారు. జీరో డెప్ అనే అదనపు కవరుకు కట్టి ఉంటే ఆ కోత తప్పుతుంది, కట్టారా లేదా అన్నది ఆ రాత్రి దాకా మీకూ గుర్తుండదు.

అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్ దగ్గర పడుతుంది. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిమ్ చేశారంటే సున్నా. తప్పెవరిదని ఎవరూ అడగరు. అవతల పారిపోయిన మహానుభావుడు చచ్చినా క్లెయిమ్ చేయడు, కాబట్టి ఆయన బోనస్ ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. కంపెనీ కంప్యూటర్లో ఆయనే జాగ్రత్తపరుడు, మీరు రిస్కు.

సర్కారు ఊరుకోలేదు. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి ప్రాణం తీసి, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలని భారతీయ న్యాయ సంహిత 106(2)లో రాశారు. దానికి నిరసనగా 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు సమ్మె చేశారు. హైదరాబాద్ బంకుల ముందు క్యూలు పెరిగాయి, పెట్రోలు దొరక్క చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి భోజనం అందించాడు. 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చింది, ఆ ఒక్క ఉపవిభాగం తప్ప. పారిపోయేవాణ్ని పట్టుకోవడానికి బయల్దేరిన సెక్షనే దారిలో ఆగిపోయింది.

డిక్కీ నలిగితే వెక్కిరింతగా చెప్పుకోవచ్చు. మనిషి పోతే? గుద్దిన బండి ఏదో తేలకపోయినా మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అంతకుముందు 25 వేలు, 12,500. ఆ ప్రాణానికి ఈ ధర ఏ సర్వేయర్ కట్టాడో గానీ, అదైనా అడిగేవారు లేరు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పులో ఉన్న లెక్క ఇది: 2022లో ఇలా గుద్ది పారిపోయిన ప్రమాదాలు 67,387. 2022-23లో వచ్చిన దరఖాస్తులు 205. పరిష్కరించినవి 95. ఇలాంటి పథకం ఉందని బాధితులకు ఎవరూ చెప్పలేదు మరి. బండి వివరాలు నెల లోపు తేలకపోతే, పరిహారం అడగవచ్చని స్టేషన్ అధికారే బాధితులకు రాతపూర్వకంగా తెలియజేయాలని కోర్టు ఆదేశించింది.

ఆ ఉత్తరం రాకపోతే మీరే వెళ్లి అడగండి. దరఖాస్తు ఆర్డీఓ లేదా తహసీల్దారు దగ్గర ఇవ్వాలి. కారు క్లెయిమ్ అయితే ముందు కంపెనీకే లిఖితంగా ఫిర్యాదు చేయండి. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. శుభలేఖ మాత్రం పారేయకండి.