మూడిళ్ల అవతల

నా పేరు గునుగు. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వే. ఒళ్లంతా బూడిద రంగు, తోక కొస మాత్రం తెల్లగా కుచ్చులా ఉంటుందని మా అవ్వ పెట్టిన పేరు. ఏదో రైస్‌మిల్లు బస్తాల వెనక పుట్టానట. అట్టపెట్టెలో ఈ ఇంటికి వచ్చేనాటికి నాకు కళ్లు సరిగా తెరుచుకోలేదు. అంతకుమించి నా పుట్టుక గురించి చెప్పడానికి ఏమీ లేదు.

కరీంనగర్‌ మంకమ్మతోటలో, మేడ మీది వాటాలో నాలుగేళ్లు గడిపాను. నేల మీద కాలు పెట్టి ఎరగను. నాకు తెలిసిన మట్టి తులసి కుండీలోది, నాకోసం ప్లాస్టిక్ టబ్బులో పోసే ఇసుక, అంతే. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని జనం సామెత చెప్పుకుంటారు గానీ, మా ఇంట్లో అవ్వ ఆ పని రెండు నిమిషాల్లో ముగించింది. ఊరేమో వెండి తీగ పనికి పేరు మోసింది. నాకు మాత్రం వేములవాడలో కొన్న ఇత్తడి మువ్వ! సరే, అదీ ముచ్చటే అనుకున్నాను. ఆ మువ్వ నా కొంప ఎలా ముంచిందో తర్వాత చెప్తాను.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నుంచీ ఇల్లంతా పూలే. తంగేడు, బంతి, నా పేరింటి పువ్వు. సాయంత్రం తాంబాళం ఇద్దరు పట్టుకుని మెట్లు దిగారు. తలుపు బార్లా వదిలేశారు. సరిగ్గా అప్పుడే సందు మొదట్లో డీజే బాక్సులు మోగాయి. మీ చెవులకు వినబడేది మహా అయితే 20 వేల హెర్ట్జ్‌ల దాకా. మా చెవులు 64 వేల దాకా వింటాయి. మీకు పాటగా ఉన్నది నాకు పిడుగు. గుండె ఎటు కొట్టుకుంటే కాళ్లు అటు పరుగెత్తాయి. మంచం కిందికి పోవాల్సిన దాన్ని మెట్ల మీదుగా కిందికి పోయాను. తర్వాత వాళ్లంతా "పారిపోయింది" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పారిపోవడమంటే ఎక్కడికో పోదామని ఒక లెక్క ఉండాలి కదా! నాకు మెట్ల కింద ఏముందో కూడా తెలీదు.

మూడిళ్ల అవతల ఒక ఇల్లు కడుతున్నారు. గోడకు ఏటవాలుగా గ్రానైట్ పలకలు ఆనించి ఉన్నాయి. మా జిల్లా గుట్టల్ని కోసి, టాన్ బ్రౌన్ అని పేరు పెట్టి, చైనా దాకా ఓడల్లో పంపుతారు. ఓడ ఎక్కని అంచు విరిగిన పలకలు ఇలా ఎవరి గోడకో చేరతాయి. ఆ పలకలకూ గోడకూ మధ్య సందులో దూరాను. ఆరు రాత్రులు అదే నా ఇల్లు.

వాళ్లు సద్దులు పంచుకుని, సత్తుపిండి తిని, పడుకోబోయేముందు గానీ నేను లేనని చూసుకోలేదు. ఇక చూడండి కేకలు! "గునుగూ! గునుగూ!" మా ఇంటి సారు గొంతు ఒకవైపు, ఇంట్లో పిల్ల ఏడుపు ఒకవైపు. "తలుపెవలు తీసిపెట్టిండ్రు?" అని ఒకరినొకరు అరుచుకోవడం. నాకు అంతా వినబడింది. నా పేరు వినబడింది. ఒకసారైతే సారు చెప్పులు నా ముందు నుంచే పోయాయి, కాస్త వంగితే తోక దొరికేది. "పిలిస్తే పలకదు, పొగరు" అంటారు మా జాతిని. ఎలుకకు మేము పులులమే గానీ కుక్కకు మేమూ తిండే. తెలియని చోట భయపడ్డ పిల్లి గొంతు మూసుకుపోతుంది. అరిస్తే మనవాళ్లొక్కరే వినరు కదా! దానికి తోడు మెడలో మువ్వ. కదిలితే మోగుతుందని ఊపిరి కూడా కొలిచి తీసుకున్నాను.

మర్నాటి నుంచి నన్ను ఊరంతా వెతికారు. నేనున్న చోట తప్ప. సారు స్కూటర్ మీద బస్టాండ్ చూశాడు, టవర్ సర్కిల్ చూశాడు, మానేరు డ్యామ్ కట్ట దాకా పోయి వచ్చాడట. డ్యామ్ కట్ట మీద నాకేం పని? పిల్లి ఎదురొస్తే నాలుగడుగులు వెనక్కి వేసే ఊళ్లో, పిల్లి ఎదురురావాలని మొక్కుకుంటూ తిరిగిన మనిషి మా సారొక్కడే అయి ఉంటాడు. పిల్ల పోస్టర్ వేసింది. "కనబడుట లేదు" అని పెద్ద అక్షరాలు, కింద నా ఫొటో. ఏ ఫొటో అనుకున్నారు? మూడు నెలల వయసులో స్వెట్టర్ తొడిగి తీసింది! ఇప్పటి నన్ను దాంతో పోల్చి ఎవరు పట్టిస్తారు? తెచ్చిచ్చిన వారికి రెండు వేలు అని రాశారు. 2021లో హైదరాబాదులో ఒకావిడ తన పిల్లి కోసం 30 వేలు ప్రకటించిందని పిల్ల తర్వాత చెప్తుంటే విన్నాను. నేను ఏమీ అనను. ఎవరి స్తోమతు వారిది.

రెండు వేల ఆశకు ఎవరో గోనెసంచిలో ఒక పిల్లిని పట్టుకొచ్చారు. పిల్ల దాన్ని చూసి ఏడవబోయింది. అవ్వ ఒక్క చూపు చూసి, "గిది మన గునుగు కాదు బిడ్డా, గిది మొగది" అందట. మొత్తం ఇంట్లో నన్ను సరిగ్గా చూసింది అవ్వ ఒక్కతే అని నాకు ముందే అనుమానం.

ఇంకో తెలివి కూడా చేశారు. వాసన పట్టుకుని వస్తానని నా ఇసుక టబ్బు తెచ్చి గేటు బయట పెట్టారు. వాసన నాకంటే ముందు సందు గండుపిల్లికి తగిలింది. రాత్రంతా అది ఆ గేటు దగ్గర గుర్రుమంటూ కాపలా కాసింది. నేను ఇంటివైపు వేసిన రెండడుగులూ వెనక్కి తీసుకున్నాను.

మూడోనాడు దసరా. వెతకడం ఆగింది. జమ్మి పంచుకుంటూ జనం, పటాకుల మోత. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. నిజమే, అన్ని శాపాలు పెట్టినా ఒక్క బాక్సూ మూగబోలేదు. దాహానికి మేస్త్రి గోడలకు కొట్టిన క్యూరింగ్ నీళ్లు గుంటలో నిలిచి ఉంటే, అందరూ పోయాక సిమెంటు వాసనతో తాగాను. ఆకలికి దొరికింది ఒకే ఒక బల్లి. వేట నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ సందులో నేనొక్కదాన్నే లేను. లోపలి మూలన ఒక తెల్లది ఉండేది. ఒకప్పుడు తెల్లది. పర్షియన్ జాతి, చదునైన ముఖం, పొడుగు బొచ్చు. ఆ బొచ్చు ఇప్పుడు ముద్దలు ముద్దలుగా అట్టకట్టి, తోలును పట్టి లాగుతోంది. నడుస్తుంటే ఒక వెనక కాలు సరిగా చాచలేదు. కళ్ల కింద నీరు కారి గోధుమరంగు చారలు. నన్ను చూసి కరవడానికి కూడా రాలేదు. ఎవరో పుట్టినరోజుకు కొని ఉంటారు, దుకాణంలో బేరం చేసి, రిబ్బను కట్టించి. రోజూ దువ్వాలని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు, చెప్పినా నెల దాటి ఉండదు. సోఫాల మీద వెంట్రుకలు, అత్తగారికి ఆయాసం, వేసవిలో ఊరెళ్లాలి. ఇక ఒక రాత్రి బండి మీద తెచ్చి నాలుగు వీధుల అవతల దించేయడమే. ఇదంతా నా ఊహ. అది ఏమీ చెప్పలేదు. కానీ మనిషి అడుగు వినబడిన ప్రతిసారీ దాని చెవులు ముందుకు తిరిగేవి, నాకంటే ముందే. ఎవరైనా "గునుగూ" అని పిలిచినప్పుడు కూడా. తన పేరు కాదని తెలిశాక చెవులు మళ్లీ పక్కకు వాలేవి. నేను భయంతో పలకలేదు. దాన్ని అసలు ఎవరూ పిలవలేదు.

ఆరో రాత్రి, రెండు గంటలప్పుడు, వీధిలో చీమ చిటుక్కుమనడం లేదు. మెల్లగా రెండు జతల కాళ్లు వచ్చాయి. పిల్ల ఫోన్‌లో ఏదో చదివిందట: 2018లో అచ్చయిన ఒక అధ్యయనం, తప్పిపోయిన 1,210 పిల్లుల లెక్క. గడప దాటని ఇంటి పిల్లుల్లో నూటికి డెబ్బై అయిదు 137 మీటర్ల లోపే దొరికాయని అందులో ఉంది. ఆ అంకె కోసం ఆరు రోజులు ఆగాలా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగేదాన్ని, గొంతు ఉంటే.

"ఒర్రకు బిడ్డా. ఒర్రితే మనిషే రాడు, పిల్లి అస్తదా?" అని అవ్వ ఆ కడుతున్న ఇంటి గడప మీద కూలబడింది. నన్ను పిలవలేదు. చెంగులోంచి కాల్చిన ఎండుచేప తీసి ప్లేటులో పెట్టి, తన మోకాలి నొప్పి గురించీ, కందిపప్పు ధర గురించీ, చనిపోయిన తాత గురించీ తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం నేను ఒళ్లో పడుకుని వినే గొంతు అది, అదే కుదురుతో. పిల్ల టార్చి చెంపకు ఆనించి పట్టుకుని, కళ్ల ఎత్తున పలకల వెంట తిప్పింది. మా కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, వెలుగు పడితే తిరిగి కొడుతుంది.

"అగో అవ్వా, గాడ రెండు దీపాలు!"

పిల్ల చెయ్యి పెట్టబోతే అవ్వ ఆపింది. లాగి ఉంటే నేను గోడ దూకేదాన్ని. అవ్వ మళ్లీ కందిపప్పు దగ్గరికి వచ్చింది. ఎంతసేపు కూర్చుందో తెలీదు, దోమలు ఆమె చేతుల మీద పండగ చేసుకున్నాయి. నేను ఒక కాలు ముందుకు వేశాను. ఆరు రోజులుగా బిగబట్టుకున్న మువ్వ మోగింది. అవ్వ అటు తిరగకుండానే, "రా, సల్లారిపోతది" అంది.

పశువుల దవాఖానలో డాక్టరు, తిండి లేకుండా రోజులు గడిస్తే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుందని సారును కాసేపు కూర్చోబెట్టి చెప్పాడు. సారు తల వంచుకుని విన్నాడు. మెట్ల దగ్గర ఇప్పుడు జాలీ తలుపు పెట్టించారు. మువ్వ తీసేశారు.

పోస్టర్లు మాత్రం పిల్ల అన్నీ పీకలేదు. ఎదురుగా కరెంటు స్తంభానికి ఒకటి మిగిలింది. వానకు రంగు కారి, స్వెట్టర్ తొడుక్కున్న నా ముఖం సగమే ఉంది. "కనబడుట లేదు" అన్న అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. మధ్యాహ్నం ఎండకు ఆ స్తంభం నీడలో తెల్లది వచ్చి కూర్చుంటుంది. స్కూటర్లు దాన్ని తప్పించి పోతాయి. బడి పిల్లలు చూసి ముక్కు మూసుకుంటారు. నేను గ్రిల్లు లోంచి అరుస్తాను. దాని చెవులు ఇటు తిరుగుతాయి.