తొందర నేర్పిన చేతులకు

ట్యూనర్ గారూ, మీ పనితనానికి చేయెత్తి మొక్కాలి. స్టీరింగ్ కింద ఉన్న చిన్న సాకెట్‌కు వైరు తగిలించి, ల్యాప్‌టాప్ తెరిచి, పానా పట్టకుండా, నట్టు విప్పకుండా పికప్ ట్రక్కు స్వభావాన్నే మార్చేస్తారు. పొద్దున అణకువగా మీ షెడ్డుకు వచ్చిన ఫోర్డో, రామో, సిల్వరాడోనో సాయంత్రానికి కాలు ఆనితే చాలు, ఉరుకుతుంది. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో కార్లకూ చిన్న ట్రక్కులకూ ఆ సాకెట్ తప్పనిసరి చేశారు. బండి పొగ అదుపులో ఉందో లేదో కనిపెట్టడానికి పెట్టిన కిటికీ అది. ఆ కిటికీలోంచే లోపలికి వెళ్లి పొగ మీది కాపలాను నిద్రపుచ్చడం మీకే చెల్లింది.

మీ విద్యలో నాకు మరీ అబ్బురం అనిపించేది పెడల్ లెక్క. ఇప్పటి పికప్‌లలో కాలి కిందనుంచి ఇంజన్‌కు తీగ లేదు. పెడల్ కింద సెన్సర్ ఉంటుంది. కాలు ఎంత దిగిందో అది కంప్యూటర్‌కు చెబుతుంది. ఎంత బలం ఇవ్వాలో కంప్యూటర్ తేలుస్తుంది. మీరు అమ్మే చిన్న డబ్బా ఈ రెండింటి మధ్యా కూర్చుంటుంది. కాలు ఐదో వంతు దిగితే సగం దిగిందని కబురు పంపుతుంది. ఇంజన్‌కు ఒక్క హార్స్‌పవర్ చేరదు. పెడల్‌ను అడుగంటా తొక్కి చూస్తే పాత బండీ ఇదీ ఒక్కటే. అయినా కొన్ని వందల డాలర్లు పోసి కొన్నవాడు బండికి ప్రాణం లేచొచ్చిందని సంబరపడుతూ ఇంటికి వెళతాడు. ఏమీ ఇవ్వకుండా ఒక మనిషిని ఇంతగా తృప్తిపరచడం తేలికైన విద్య కాదు.

కాలికీ ఇంజన్‌కూ మధ్య కంపెనీ పెట్టిన ఆ రవ్వంత జాగును లోపమని తేల్చిన ధైర్యమూ మీదే. అందులో టర్బో పుంజుకోవడానికి పట్టే సమయం కొంత. మిగతాది ఇంజనీర్లు బుద్ధిపూర్వకంగా పెట్టింది. గేరు మారే క్షణంలో బలం కాస్త తగ్గించి గేర్‌బాక్సులోని క్లచ్‌లను కాపాడుతుంది. వెనక ట్రైలర్ తగిలించినప్పుడు, తడి బురదలో ఖాళీ బండి వెనక చక్రాలు జారబోయినప్పుడు, ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటుండగా బండి వెనక్కి తీస్తున్నప్పుడు ఆ మెతకదనమే అక్కరకొస్తుంది. రాళ్ల దారిలో ఫోర్-లో గేరులో వెళుతుంటే కాలు కుదుపుకు ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగురుడును బండి ముందుకు దూకమన్న ఆజ్ఞగా తీసుకోకూడదని ఎవరో కూర్చుని ఆలోచించారు. టెస్ట్ ట్రాకుల మీద, మంచులో, ఎడారిలో నెలల తరబడి బండ్లు నడిపి వాళ్లు కట్టిన కళ్లెం అది. మీరు అరగంటలో విప్పేశారు.

డీజిల్ బండ్ల దగ్గర మీ ఉదారత మరీ గొప్పది. పెట్రోలు బండికి మీరిచ్చిన తొందర దాని యజమాని వరకే. డీజిల్‌కు ఇచ్చినది ఊరందరికీ పంచారు. వాడిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపి వేడి తగ్గించే ఏర్పాటునూ, మసిని పట్టి ఉంచే ఫిల్టర్‌నూ మరిచిపొమ్మని, మీరు ల్యాప్‌టాప్‌తో ఎక్కించే ఫైలు బండి కంప్యూటర్‌కు చెబుతుంది. కాలికి బండి చురుగ్గా తగులుతుంది. పదేళ్లలో ఇలా పొగ పరికరాలు తీసేసిన డీజిల్ పికప్‌లు 5,50,000కు పైనేనని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020 నవంబరులో లెక్క తేల్చింది. అవి నడిచినన్నాళ్లూ అదనంగా వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నుల పైమాటే. 90 లక్షలకు పైగా పికప్‌లను కొత్తగా రోడ్డెక్కిస్తే వచ్చే పొగతో సమానమన్నారు. అన్ని ట్రక్కులు కట్టాలంటే ఎన్ని కర్మాగారాలు కావాలి! మీరు ల్యాప్‌టాప్‌లతోనే సాధించారు.

కమిన్స్ లాంటి పెద్ద ఇంజన్ల కంపెనీ ఇలాంటి తప్పుకే రామ్ ట్రక్కుల విషయంలో 2023 డిసెంబరులో 167 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానాకు తలొగ్గింది. మీ షెడ్డు ముందు మాత్రం ఇప్పటికీ వరస తగ్గలేదు.

డాలస్ చుట్టుపక్కల వేసవిలో ఓజోన్ హెచ్చరికల రోజులుంటాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండకు మరిగి తయారుచేసేది ఆ ఓజోన్‌నే. ఇర్వింగ్‌లోనూ ఫ్రిస్కోలోనూ మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని బడికెళ్లే పిల్లలు ఏ ఊళ్లో లేరు? సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే మీరు తీర్చిదిద్దిన బండి అందరికంటే ముందు కదులుతుంది. వెనక మిగిలిన నల్లటి మబ్బులోకి మేం అద్దాలు ఎత్తుకుని వెళతాం. సగం సెకను ముందు వెళ్లిన ఆ బండి తర్వాతి సిగ్నల్ దగ్గర మా పక్కనే ఆగి ఉంటుంది.

మీ పనిలో నేను మనసారా మెచ్చే జాగ్రత్త ఇంకొకటుంది. తెలిసిన ట్యూనర్ ఎవరైనా బండిని ముట్టుకునే ముందు కంపెనీ ఇచ్చిన అసలు ఫైలును చదివి దాచిపెడతాడు. అది మీ ల్యాప్‌టాప్‌లోనే భద్రంగా ఉంది. ఫిల్టర్ తిరిగి బిగించి, ఆ ఫైలు మళ్లీ ఎక్కించండి, అయ్యా.